మూలనపడ్డ ఆట... మళ్లీ మోగింది!

పైన రంగురంగుల బొమ్మల అద్దం. లోపల కట్టలు కట్టలుగా తీగలు. ఏళ్ల తరబడి దుమ్ములో పడున్న పాత పిన్‌బాల్ యంత్రాన్ని మళ్లీ ఆడించాలంటే కంప్యూటర్ చదువులు అక్కర్లేదు. ఓ ఆకురాయి, ఓ టంకం కడ్డీ... వాటికి మించి బోలెడంత ఓపిక ఉండాలి.

వేసవి సెలవుల్లో పిల్లలు ఆడుకునే బాగాటెల్ చెక్క చాలామందికి గుర్తుండే ఉంటుంది. కాస్త వాలుగా పెట్టిన పలక, దానిమీద అర్ధచంద్రాకారంలో కొట్టిన మేకులు, పక్కన స్ప్రింగు పుల్ల. పుల్లను వెనక్కి లాగి వదిలితే చిన్న ఇనుప గోళీ పైదాకా దూసుకెళ్లి, మేకులకు తగులుతూ గలగలమంటూ కిందికి దిగేది. ఏ గడిలో ఆగితే అన్ని పాయింట్లు. వంద గడి పక్కనుంచి జారి సున్నాలో పడితే ఇల్లంతా నవ్వులే!

ఆ చెక్కకు కరెంటు పెట్టి, కాళ్లు బిగించి, గంటలు కట్టి, దీపాలు వెలిగిస్తే అదే పిన్‌బాల్. మన దగ్గర బాగాటెల్ చెక్క దగ్గరే ఆగిపోయిన ఆట, అమెరికాలో నిలువెత్తు యంత్రంగా ఎదిగింది. ఒకప్పుడు అక్కడ బార్లలో, టీ కొట్ల లాంటి చిన్న హోటళ్లలో, బస్టాండ్లలో ఎక్కడ చూసినా అవే ఉండేవి. తర్వాత వీడియో గేములొచ్చాయి. ఇవి గ్యారేజీల్లోకీ, ఇళ్ల నేలమాళిగల్లోకీ చేరాయి. ఇప్పుడు వాటిని వెతికి, ఇంటికి మోసుకొచ్చి, ఒక్కో తీగా సరిచేసి మళ్లీ ఆడించేవాళ్లున్నారు. వాళ్లు చేసేది ఏమిటో తెలియాలంటే ముందు ఆ ఆట కథ వినాలి.

రాజుల తోట నుంచి...

ఆట పుట్టిల్లు ఫ్రాన్స్. పద్దెనిమిదో శతాబ్దంలో అక్కడి రాచకుటుంబాలవారు బల్లమీద ఆడుకున్న ఆటకే బాగాటెల్ అని పేరు. తర్వాత అది అమెరికా చేరింది. అంతవరకూ కర్రతో కొట్టే గోళీని స్ప్రింగుతో తోసే పద్ధతికి 1871లో పేటెంటు తీసుకున్నాడు సిన్సినాటిలో స్థిరపడ్డ మాంటెగ్యూ రెడ్‌గ్రేవ్. మన పిల్లలు లాగి వదిలిన స్ప్రింగు పుల్ల వెనక ఉన్నది ఆ పేటెంటే!

1931లో షికాగోకి చెందిన డేవిడ్ గాట్లీబ్ ‘బ్యాఫిల్ బాల్’ అనే పెట్టెను తయారుచేశాడు. ధర పదిహేడున్నర డాలర్లు. ఒక్క సెంటు నాణెం వేస్తే కొన్ని గోళీలు ఆడుకోవచ్చు. ఆర్థికమాంద్యం రోజులు. చేతిలో డబ్బుల్లేని జనానికి అంతకంటే చవకైన కాలక్షేపం ఏముంటుంది? పెట్టెలు 50 వేలకు పైగా అమ్ముడయ్యాయి. అడిగినన్ని పెట్టెలు దొరక్క విసిగిన రేమండ్ మొలోనీ అనే పంపిణీదారు, 1932లో ‘బాలీహూ’ పేరుతో సొంతంగా మరో పెట్టె చేయించాడు. అదే తర్వాత ‘బాలీ’ కంపెనీ అయింది.

అప్పటికింకా యంత్రంలో కరెంటు లేదు. 1933లో హ్యారీ విలియమ్స్ ‘కాంటాక్ట్’ అనే ఆటలో బ్యాటరీతో పనిచేసే ఏర్పాటు పెట్టాడు. గుండు గుంటలో పడితే తిరిగి ఎగిరొచ్చేది, గంట మోగేది. బల్లను ఊపి మోసం చేసేవాళ్లకు చెక్ పెట్టే ‘టిల్ట్’ కూడా ఆయన ఆలోచనే. తర్వాత వచ్చిన యంత్రాల్లో దానికోసం ఓ గుండును వేలాడదీసేవారు. గోడ నిటారుగా ఉందో లేదో చూడ్డానికి తాపీమేస్త్రీ వదిలే గుండు లాంటిదే అది. దాని చుట్టూ ఓ లోహపు వలయం. బల్లను గట్టిగా కుదిపితే గుండు వలయాన్ని తాకుతుంది. అంతే, ఆట ఆగిపోతుంది!

ఇంత జరిగినా ఆటగాడి చేతిలో ఉన్నది మాత్రం స్ప్రింగు ఒక్కటే. గుండు వదిలాక చూస్తూ నిలబడటమే. ఆ లోటు తీరింది 1947లో. గాట్లీబ్ కంపెనీలో హ్యారీ మాబ్స్ రూపొందించిన ‘హంప్టీ డంప్టీ’లో ఇరువైపులా ఆరు చిన్న తెడ్లు వచ్చాయి. వాటినే ఫ్లిప్పర్లంటారు. మీట నొక్కితే తెడ్డు లేచి గుండును మళ్లీ పైకి కొడుతుంది. మరుసటి ఏడాదే స్టీవ్ కార్డెక్ రెండే తెడ్లను అడుగుభాగాన పెట్టి ‘ట్రిపుల్ యాక్షన్’ చేశాడు. అప్పట్నుంచీ పిన్‌బాల్ అంటే అదృష్టం ఒక్కటే కాదు... చేతివాటం కూడా!

సుత్తి దెబ్బల కాలం

అయితే, ఆ మార్పు రావడానికి ముందే ఆటమీద దెబ్బ పడింది. గెలిచినవారికి కొన్నిచోట్ల డబ్బులూ బహుమతులూ ఇచ్చేవారు. దాంతో అది జూదమేనన్న ముద్ర పడింది. పిల్లల జేబుల్లోని చిల్లర కాజేస్తోందన్నది న్యూయార్క్ మేయర్ లాగార్డియా ఆరోపణ. 1942లో నగరంలో పిన్‌బాల్‌ని నిషేధించారు. పోలీసులు వేలకొద్దీ యంత్రాలను పట్టుకొచ్చారు. మేయర్ స్వయంగా సుత్తి పట్టి వాటిని పగలగొట్టిన ఫొటోలు ఇప్పటికీ ఉన్నాయి.

తెడ్లు వచ్చి, ఆట తీరే మారిపోయాక కూడా నిషేధం 29 ఏళ్లు కొనసాగింది. చివరికి 1976 ఏప్రిల్‌లో నగర కౌన్సిల్ సభ్యుల ముందు ఓ యంత్రాన్ని పెట్టారు. రోజర్ షార్ప్ అనే యువ పత్రికా రచయిత దానిమీద ఆడి చూపించాడు. అయినా అనుమానం తీరని వాళ్లకు ‘ఇప్పుడు గుండు వదులుతాను. పైనున్న దారుల్లో సరిగ్గా మధ్యదాంట్లోంచే వస్తుంది చూడండి’ అని ముందే చెప్పి స్ప్రింగు లాగాడు. గుండు ఆ దారిలోంచే దిగింది! ఇది నైపుణ్యంతో ఆడే ఆటేనని సభ్యులు ఒప్పుకున్నారు, నిషేధం పోయింది. ఆ ఒక్క దెబ్బలో అదృష్టం పాలూ ఉందని షార్ప్ తర్వాత నవ్వుతూ చెప్పుకున్నాడు. ఆయన కథతో సినిమా కూడా వచ్చింది.

ఆటకు విడుదలైతే వచ్చింది కానీ యంత్రం లోపల మరో మార్పు మొదలైంది. 1970ల చివరికల్లా తీగలూ రిలేల స్థానంలో ఎలక్ట్రానిక్ బోర్డులొచ్చాయి. 1992లో వచ్చిన ‘ద ఆడమ్స్ ఫ్యామిలీ’ 20,270 యంత్రాలు అమ్ముడై రికార్డు కొట్టింది. ఏడేళ్లు తిరిగేసరికి అదంతా తారుమారు. 1999లో విలియమ్స్ కంపెనీ పిన్‌బాల్ తయారీ మానేసింది. స్టెర్న్ అనే కంపెనీ ఒక్కటే పెద్దస్థాయిలో మిగిలింది. విడిభాగాలు చేసేవాళ్లు లేరు, బాగుచేసేవాళ్లు రిటైరైపోయారు. సుత్తి దెబ్బలు తప్పించుకున్న యంత్రాలు ఈసారి దుమ్ములో చిక్కుకున్నాయి.

ప్లగ్గు పెట్టొద్దు!

అలా మూలనపడ్డ ఓ 1960ల నాటి యంత్రం ఇంటికొచ్చిందనుకోండి. ఎవరికైనా వెంటనే ప్లగ్గు పెట్టి చూడాలనిపిస్తుంది. అనుభవజ్ఞులు వద్దని చెప్పేది సరిగ్గా ఆ పనే. పాత తీగల మీద గుడ్డ తొడుగు పెచ్చులు లేచిపోయి ఉండొచ్చు. లోపల ఎలుకలు కాపురం పెట్టి ఉండొచ్చు. ఏనాడో ఫ్యూజు పోతే, సరైనది దొరక్క దాని చుట్టూ వెండి కాగితం చుట్టి పని కానిచ్చినవాళ్లూ ఉంటారు. అలాంటి పెట్టెకు కరెంటిస్తే ఆట మాట అటుంచి మంట మొదలవుతుంది.

కాబట్టి ముందు తాళం తీసి, పై అద్దం జరిపి, ఆట పలకను పైకెత్తి నిలబెడతారు. అప్పుడు కనిపిస్తుంది అసలు యంత్రం. ఓ మూల ట్రాన్స్‌ఫార్మర్. గోడ ప్లగ్గులోని కరెంటును అది దీపాలకు ఆరు వోల్టుల దాకా, కాయిళ్లకు పాతిక ముప్పై వోల్టుల దాకా తగ్గించి ఇస్తుంది. ఇవి అమెరికా ఇళ్లలోని 110-120 వోల్టుల కరెంటుకు తగ్గట్టు చేసినవి. మన ఇళ్లలోని 230 వోల్టులు నేరుగా ఇస్తే ఆ నిమిషంలోనే కథ ముగుస్తుంది.

తర్వాత ఫొటోలు. ఏదీ విప్పకముందే ప్రతి మూలనూ ఫొటో తీసుకుంటారు. తీసిన ప్రతి మరనూ విడిగా చిన్న సంచిలో వేసి పేరు రాసుకుంటారు. నెల తర్వాత తిరిగి బిగించేటప్పుడు జ్ఞాపకశక్తిని నమ్ముకుంటే అంతే సంగతులు! అదృష్టం బాగుంటే పెట్టె అడుగున మడతలు పడ్డ పెద్ద కాగితం దొరుకుతుంది. అదే వైరింగు పటం. చిరిగిపోయినా సరే, అది దొరికితే సగం పని అయినట్టే. ఏ తీగ ఎక్కణ్నుంచి ఎక్కడికెళ్తుందో రంగులతో సహా అందులో ఉంటుంది.

పాయింట్లు తుడిస్తే ప్రాణం

ఈ యంత్రంలో చిప్పు లేదు, ప్రోగ్రాము లేదు. మరి ఎవరి స్కోరు ఎంతో, ఎన్ని గుండ్లు మిగిలాయో దానికెలా గుర్తుంటుంది? రిలేలతో! రిలే అంటే ఓ కాయిల్, దాని ముందు ఓ ఇనుప రేకు, ఆ రేకుతోపాటు కదిలే కొన్ని సన్నటి పట్టీలు. కాయిల్‌కు కరెంటు అందగానే రేకును లాగుతుంది. పట్టీలు ఒకదాన్నొకటి తాకుతాయి లేదా విడిపోతాయి. ‘తాకింది, తాకలేదు’... ఈ రెండు మాటలతోనే యంత్రం మొత్తం లెక్కలన్నీ చేస్తుంది.

ఆ పట్టీల చివర్లలో ఆవగింజంత లోహపు బొడిపెలుంటాయి. పాత స్కూటరు స్టార్టు కాకపోతే మెకానిక్ ‘పాయింట్లు’ తుడిచేవాడు చూడండి... ఇవీ ఆ జాతివే. ఏళ్ల తరబడి వాడకపోతే వాటిమీద సన్నటి మసి పొర పేరుకుంటుంది. కంటికి తాకినట్టే కనిపిస్తుంది, కరెంటు మాత్రం దాటదు. మూలనపడ్డ యంత్రాల్లో చాలావాటికి జబ్బు ఇదే. ఏదీ విరగలేదు, ఏదీ కాలలేదు. మాట్లాడుకోవాల్సిన వాళ్లు మాట్లాడుకోవడం మానేశారు, అంతే!

దీనికి మందు ఓ సన్నటి ఆకురాయి. బొడిపెల మధ్య పెట్టి రెండు మూడు సార్లు మెల్లగా లాగాలి. ఉప్పుకాగితంతో గట్టిగా రుద్దితే గరుకుతేలి పాడవుతాయి. పట్టీలు మూసుకున్నప్పుడు ఒకదాన్నొకటి కొద్దిగా ఒరుసుకోవాలి, తెరుచుకున్నప్పుడు తగినంత ఎడం ఉండాలి. ఆ మేరకు పట్టీని వంచడమే అసలైన పనితనం. ఒక్క యంత్రంలో ఇలాంటివి వందల్లో ఉంటాయి. అందుకే ఒక్క పూటలో అయ్యే పని కాదు.

కదిలే భాగాల్లోని గ్రీజు కూడా ఏళ్లు గడిచేకొద్దీ బంకలా గడ్డకడుతుంది. దాన్ని పూర్తిగా తుడిచేయాల్సిందే. బిగుసుకున్న ప్రతిదానికీ నూనె కొట్టేయడం మనకు అలవాటు. ఇక్కడ అదే శత్రువు. నూనె పాయింట్ల మీదికి చేరితే దుమ్మును పట్టుకుంటుంది, నిప్పురవ్వ పడితే అంటుకునే ప్రమాదమూ ఉంది.

దుత్తలూరు షాపులోనూ ఇదే సూత్రం

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో... దుత్తలూరు, ఉదయగిరి, ఆత్మకూరు పక్క ఊళ్లలో బోరు మోటారు కాలితే రైతు ఏం చేస్తాడు? కొత్తదాని ధర అడగడానికి ముందు పాతదాన్ని విప్పించి రీవైండింగ్ షాపుకు మోసుకెళ్తాడు. అక్కడ మాడిన రాగి తీగను తీసి, చుట్లు లెక్కపెట్టి, అదే మందం తీగను మళ్లీ చుడతారు. పిన్‌బాల్ తెడ్డును కదిలించే కాయిల్ కూడా అలాంటి రాగి చుట్టే. మాడితే వచ్చే వాసనా అదే!

పోలిక అక్కడితో ఆగదు. సింగిల్ ఫేజ్ మోటారులో స్టార్ట్ చేయడానికో చుట్టు, నడపడానికో చుట్టు ఉంటాయి. చాలా మోటార్లలో వేగం అందుకోగానే ఓ స్విచ్చి మొదటిదాన్ని తప్పిస్తుంది. తెడ్డు కాయిల్‌లోనూ రెండు చుట్లు. ఒకటి లావు తీగది. మీట నొక్కగానే ఎక్కువ కరెంటు లాగి తెడ్డును విసురుగా లేపుతుంది. తెడ్డు పూర్తిగా లేచే క్షణంలో ఓ చిన్న స్విచ్చి తెరుచుకుంటుంది. అప్పుడు సన్న తీగ చుట్టు కూడా దారిలోకి వచ్చి కరెంటు బాగా తగ్గిపోతుంది. మీట నొక్కి పట్టుకున్నంతసేపూ తెడ్డు పైనే ఉంటుంది కానీ కాయిల్ వేడెక్కదు. ఆ స్విచ్చి గనక తెరుచుకోకపోతే కాసేపటికే పొగ! అందుకే కాలిన కాయిల్‌ను మార్చి ఊరుకోరు. దాన్ని కాల్చింది ఏమిటో వెతుకుతారు. కారణం దొరక్కుండా కొత్తది బిగిస్తే అదీ కాలుతుంది. ఈ మాట రీవైండింగ్ షాపులో ఎవర్నడిగినా చెబుతారు.

ఆగని మోటారు

అన్నీ శుభ్రం చేశాక, సరైన ఫ్యూజులు వేసి, మొదటిసారి కరెంటిస్తారు. దీపాలు వెలుగుతాయి. ఆట మొదలుపెట్టే మీట నొక్కగానే లోపల ఓ మోటారు గిర్రున తిరుగుతుంది. పళ్ల చక్రాలతో స్విచ్చులను వరసగా నొక్కుతూ మిగతావాటికి తాళం వేసేది అదే. గుండు యాభై పాయింట్ల గుర్తుకు తగిలితే ఆ మోటారే అయిదుసార్లు ‘టక్... టక్...’మనిపించి పదేసి చొప్పున అంకెను ముందుకు తోస్తుంది.

ఆట మొదట్లో దాని పని వేరు. స్కోరు చూపే అంకెల చక్రాలన్నిటినీ సున్నాకు తేవాలి. ప్రతి చక్రం వెనకా ఓ పాయింటు ఉంటుంది. ‘నేను సున్నాకి వచ్చేశాను’ అని కబురు పంపేది అదే. అన్ని చక్రాల కబురూ అందితేనే మోటారు ఆగుతుంది. ఒక్క చక్రం వచ్చి కూడా చెప్పకపోతే? మోటారు తిరుగుతూనే ఉంటుంది. పాత యంత్రాల్లో తరచూ కనిపించే జబ్బిది. చూసేవాళ్లకు యంత్రమంతా పిచ్చిపట్టినట్టుంటుంది. నిజానికి తప్పు ఆవగింజంత పాయింటుది!

దాన్ని పట్టుకోవాలంటే పటం పరుచుకుని కూర్చోవాల్సిందే. మోటారు ఆగాలంటే ఏమేం జరగాలి? అందులో ఏది జరగలేదు? ఒక్కోదాన్నీ దాటుకుంటూ వెనక్కి వెళ్తారు. చివరికి ఏ మూడో చక్రం దగ్గరో పట్టీని వెంట్రుకవాసి వంచగానే... అంకెలన్నీ టకటకా సున్నాకొచ్చి నిలబడతాయి. మోటారు ఆగుతుంది. గుండు ‘ఠంగు’మంటూ ముందుకొస్తుంది.

అద్దం వెనక బొమ్మ

యంత్రం ఆడితే సరిపోదు, అందంగానూ ఉండాలి కదా! ముందున్న పెద్ద అద్దంమీది బొమ్మను వెనకవైపు నుంచి రంగులతో అచ్చు వేస్తారు. దీపాల వేడికీ, చెమ్మకూ ఆ రంగు పెచ్చులుగా లేస్తుంది. తళతళలాడించాలని వెనకవైపు తడిగుడ్డతో తుడిచారో, బొమ్మ గుడ్డకు అంటుకుని వచ్చేస్తుంది! అందుకే ముందు రంగు ఊడకుండా పారదర్శకమైన పూత వేస్తారు. పాత నంబర్ 44 రకం దీపాలు తీసి, తక్కువ కరెంటుతో తక్కువ వేడెక్కే నంబర్ 47 పెడతారు.

ఆట పలక చెక్కది. కోట్ల సార్లు గుండు దొర్లిన చోట రంగు అరిగి చెక్క బయటపడుతుంది. దాన్ని శుభ్రం చేసి, రంగు కలిపి దిద్ది, పైన మైనం పట్టిస్తారు. మొత్తం కొత్తగా వేసేయడం తేలికే. కానీ చెయ్యి తిరిగినవాళ్లు అవసరమైనంతే ముట్టుకుంటారు. ఉదయగిరి చెక్క చెంచాలమీద నగిషీ చెక్కే చేతులకు ఈ నిగ్రహం విలువ తెలుసు. చెక్కినదాన్ని తిరిగి అతికించలేం మరి! ఆఖరున పాత రబ్బరు వలయాలు తీసి కొత్తవి తొడుగుతారు. పాతగుండు గీతలు పడి ఉంటే మారుస్తారు. లేకపోతే అది ఉప్పుకాగితంలా పలకను గీకుతుంది. 80 గ్రాముల కొత్త ఉక్కుగుండు ఖర్చు తక్కువే. అది కాపాడేది మాత్రం యాభై అరవై ఏళ్లనాటి బొమ్మను.

తర్వాతి కాలం ఎలక్ట్రానిక్ యంత్రాలకు మరో బెడద ఉంది. స్కోరు గుర్తుంచుకునేందుకు బోర్డుమీద బ్యాటరీ పెట్టేవారు. వాడకుండా వదిలేసిన టీవీ రిమోట్లో సెల్స్ కారి పచ్చగా కిలుం పట్టడం ఇంటింటా చూసేదే. ఇక్కడా అంతే. కారిన రసాయనం బోర్డుమీది రాగి గీతల్ని తినేస్తుంది. పాత యంత్రం చేతికి రాగానే ముందు ఆ బ్యాటరీ తీసేయాలి. వేలు ఖరీదుచేసే బోర్డు ప్రాణం ఆ చిన్న పనిలో ఉంది.

చేతికి చెయ్యి

మిషిగన్‌లో ఆర్కేడ్లు నడిపిన టిమ్ ఆర్నాల్డ్ పాత యంత్రాలను వదులుకోలేక పోగేస్తూ వచ్చాడు. వాటితో 2006లో లాస్‌వెగాస్‌లో ‘పిన్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్’ తెరిచాడు. పేరుకు మ్యూజియమే కానీ తాకరాదన్న బోర్డులుండవు. నాణెం వేసి ఆడుకోవచ్చు. ఖర్చులు పోగా మిగిలింది సేవాసంస్థలకు వెళ్తుంది. 2021లో ఆ మ్యూజియం మరింత పెద్ద భవనంలోకి మారింది. కాలిఫోర్నియాలోని అలమీడాలో ఉన్న పసిఫిక్ పిన్‌బాల్ మ్యూజియం వాళ్లయితే ఏకంగా పారదర్శకమైన యంత్రాన్నే తయారుచేశారు. చెక్క పెట్టె బదులు లోపలి తీగలూ రిలేలూ కనిపించే పెట్టె. గుండు తగిలిన ప్రతిసారీ లోపల ఏది కదిలిందో పిల్లలు కళ్లారా చూడొచ్చు.

అలా చూపించాల్సిన అవసరం ఉంది. ఈ పని పూర్తిగా పుస్తకాల్లో దొరకదు. పటం చూస్తే ఏ పట్టీ ఎక్కడుందో తెలుస్తుంది. దాన్ని ఎంత వంచాలో మాత్రం పక్కన నిలబడి చూసినవాళ్లకే తెలుస్తుంది. స్కూటరు పాయింట్లు తుడిచిన మెకానిక్, రేడియోకి టంకం పెట్టిన ముసలాయన, కుట్టుమిషన్ విప్పి బిగించిన అబ్బాయి... మన ఊళ్లలోనూ ఈ విద్య ఒక చేతినుంచి మరో చేతికే వచ్చింది. విప్పి చూడగలిగే యంత్రం ఎంత పాతదైనా చచ్చిపోయినట్టు కాదు. దాన్ని చదవగలిగే ఆఖరి మనిషి వెళ్లిపోయిన రోజే దానికి ఆఖరి రోజు.

ఇంకో సంగతి. బాగుచేసిన యంత్రాన్ని జాగ్రత్త పేరుతో ముసుగేసి దాచకూడదు. పాయింట్లు తాకిన ప్రతిసారీ కొద్దిగా ఒరుసుకుని, పట్టబోయిన మసిని తామే తుడిచేసుకుంటాయి. అంటే రోజూ ఆడుతుంటే యంత్రం చాలావరకూ తననితానే శుభ్రం చేసుకుంటుంది. పిన్‌బాల్‌కు అరుగుదల కంటే మూలనపడి ఉండటమే పెద్ద జబ్బు. అందుకే బాగుచేసినవాళ్లు పిల్లల్ని పిలిచి చెప్పే మాట ఒక్కటే...

‘రండి, ఆడండి!’